రెక్కలకు రిటైర్మెంట్ తెలీదు!

‘‘ఓలమ్మో... ఇంతుందేటి!’’

విశాఖ బీచ్‌రోడ్డులో ఆటో దిగిన ఓ నానమ్మ నోటి వెంట వచ్చిన మొదటి మాట అది. చేతిలో పులిహోర డబ్బా పెట్టిన సంచి, చెరో పక్క ఇద్దరు మనవలు. పొద్దున్నే శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సెక్కి వచ్చారట. పిల్లలేమో సబ్‌మెరైన్ చూద్దామని గోల. ఆవిడ మాత్రం రోడ్డుకు ఇవతల ఉన్న విమానం ముందు కదలకుండా నిలబడిపోయింది. చిన్న మనవడు చెయ్యి పట్టి లాగుతుంటే అడిగింది... ‘‘ఇది నిజంగా ఎగిరిందేట్రా? బొమ్మ కాదా?’’

బొమ్మ కాదు. ఎగిరింది. ఒకటీ రెండూ కాదు, ఈ రకం విమానాలు 29 ఏళ్ళు మన సముద్రాల మీద కాపలా తిరిగాయి. పేరు టీయూ-142. రష్యా వాళ్ళ తుపొలేవ్ సంస్థ తయారీ. పొడవు దాదాపు 53 మీటర్లు. నాలుగు ఆర్టీసీ బస్సుల్ని వరసగా నిలబెట్టినా ఇంకా కాస్త జాగా మిగులుతుంది. ఈ చివర నుంచి ఆ చివరకు రెక్కలు 50 మీటర్లు. నాలుగు ఇంజిన్లు. ఒక్కో ఇంజిన్ శక్తి దాదాపు 15 వేల హార్స్‌పవర్. మన పల్లెల్లో దున్నే 50 హార్స్‌పవర్ ట్రాక్టర్లతో లెక్కేస్తే 1200 ట్రాక్టర్లు కలిసి లాగినట్టు!

శ్రీకాకుళం నుంచి 110 కిలోమీటర్లు, విజయనగరం నుంచి 60 కిలోమీటర్లు. సెలవు రోజున పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్దామా అంటే మన రెండు జిల్లాల వాళ్ళకీ మొదట గుర్తొచ్చేది విశాఖ బీచే. బీచ్ అంటే సబ్‌మెరైన్, సబ్‌మెరైన్ అంటే దాని ఎదురుగా ఈ విమానం. చాలామంది మెట్లెక్కి, లోపల ఓ చుట్టు చుట్టి, బయటికొచ్చి ఓ ఫొటో దిగి, మొక్కజొన్న పొత్తు కొనుక్కుని వెళ్ళిపోతారు. నేనూ మొదటిసారి అలాగే వెళ్ళొచ్చాను. రెండోసారి వెళ్ళినప్పుడు మాత్రం పొట్ట కిందికి వంగి రివెట్ల వరసలు చూస్తూ నిలబడ్డాను. ఎగరడం మానేసిన విమానం దగ్గర అసలు కథ అక్కడే మొదలవుతుందని అప్పుడు తెలిసింది.

వేటగాడు... ఎదురుగా వేట!

రోడ్డుకు అటు ఇసుకలో ఐఎన్ఎస్ కురుసుర. 91 మీటర్ల జలాంతర్గామి. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరిలో సెలవు తీసుకుంది, 2002 ఆగస్టులో మ్యూజియం అయింది. రోడ్డుకు ఇటు టీయూ-142. దీని ఉద్యోగం ఏమిటో తెలుసా? జలాంతర్గాముల్ని వెతికి పట్టుకోవడం! వేటాడేదాన్నీ, వేటకు గురయ్యేదాన్నీ ఎదురెదురుగా నిలబెట్టారన్నమాట. కావాలని పెట్టారో, జాగా కుదిరి పెట్టారో కానీ, పిల్లలకు ఇంతకన్నా బాగా పాఠం చెప్పే చోటు ఇంకోటి ఉండదు.

నీళ్ళ కింద ఉన్నదాన్ని ఆకాశంలోంచి ఎలా పట్టుకుంటారు? కంటికి కనిపించదు. రాడార్ తరంగాలు నీళ్ళలోకి పోవు. అందుకని చెవితో పట్టుకుంటారు. సోనోబాయ్ అని పొడవాటి గొట్టంలాంటి పరికరాన్ని విమానం నుంచి సముద్రంలోకి జారవిడుస్తారు. అది నీటి మీద తేలుతూ, తీగ కట్టిన ఓ మైకును లోపలికి దించుతుంది. జలాంతర్గామి ఇంజిన్ చప్పుడు, ప్రొపెల్లర్ తిరిగే చప్పుడు ఆ మైకు విని, రేడియో ద్వారా పైనున్న విమానానికి చెబుతుంది. ఒకటి వేస్తే చప్పుడు ఉందని తెలుస్తుంది. నాలుగైదు వేస్తే అది ఎక్కడుందో తెలుస్తుంది. గంగమ్మ కడుపులో చెవి పెట్టి వినడమే! అలాంటి గొట్టాలు ఇక్కడ ప్రదర్శనలో ఉన్నాయి. చాలామంది వాటిని బాంబులనుకుని దాటిపోతారు. ఓ నిమిషం ఆగి చూడండి.

ఈ కాపలా ఎందుకో ఉత్తరాంధ్రకు వేరే చెప్పక్కర్లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. జనం పట్నం వదిలి పల్లెలకు తరలిపోయారు. ‘బాంబులు పడ్డ ఏడాది పుట్టాను’ అని వయసు చెప్పే పెద్దలు మొన్నమొన్నటి దాకా మన ఊళ్ళలో ఉండేవారు. ఆ తర్వాత 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి దగ్గర్లోనే మునిగిపోయింది. సముద్రం ఎప్పుడూ మన గుమ్మమే. గుమ్మంలో ఎవరున్నారో చూసుకోవాలి కదా!

టీయూ-142లు మన నౌకాదళంలోకి వచ్చింది 1988లో. మొత్తం ఎనిమిది. ‘ఆల్బట్రాస్’ అని పిలిచే 312వ స్క్వాడ్రన్ వాటిని నడిపింది. ఆల్బట్రాస్ అంటే పెద్దగా రెక్క ఆడించకుండా సముద్రం మీద తేలిపోయే పెద్ద పక్షి. ముందు గోవాలో, 1992 నుంచి తమిళనాడులోని అరక్కోణంలో, ఐఎన్ఎస్ రాజాలి స్థావరంలో ఉండేవి. వచ్చిన ఏడాదే, 1988 నవంబరులో మాల్దీవుల్లో తిరుగుబాటు జరిగితే మన సైన్యం వెళ్ళింది కదా, అప్పుడు సముద్రం మీద నిఘా పనిలో ఇవీ ఉన్నాయి. 29 ఏళ్ళలో దాదాపు 30 వేల గంటలు ఎగిరాయి. ప్రమాదం ఒక్కటీ లేదు. ఈ ఒక్క ముక్క పిల్లలకు చెప్పండి. అంత పెద్ద యంత్రం అన్ని గంటలు చెక్కుచెదరకుండా ఎగిరిందంటే, అది నడిపినవాళ్ళ గొప్పతనం ఎంతో, కింద నూనె చేతులతో స్పానర్ పట్టుకున్నవాళ్ళ గొప్పతనమూ అంతే.

విమానం ముందు నిలబడి ప్రొపెల్లర్లు లెక్కపెట్టమనండి వాళ్ళని. ఒక్కో ఇంజిన్‌కు ఒకటి కాదు, ఒకదాని వెనక ఒకటి రెండున్నాయి. నాలుగు రెక్కలది ఒకటి ఇటు తిరిగితే, దాని వెనకది అటు తిరుగుతుంది. ముందుది సుడి తిప్పి వదిలిన గాలిని వెనకది సరిచేసి మళ్ళీ వాడుకుంటుంది. ఫ్యాను గాలి వృథా కాకుండా పట్టుకున్నట్టు. అందుకే ప్రొపెల్లర్ విమానం అయ్యుండీ ఇది జెట్ విమానంతో పోటీపడి, గంటకు 900 కిలోమీటర్ల దాకా పోగలిగేది. చప్పుడు మాత్రం చెప్పనలవి కాదు. ఇప్పుడది నోరు మూసుకుని నిలబడింది. మ్యూజియంలో పెట్టిన ఏ విమానానికైనా మొదట పోయేది గొంతే!

ఎగిరొచ్చి... ముక్కలై... మళ్ళీ ఒక్కటై

2017 మార్చి 29న అరక్కోణంలో టీయూ-142లకు వీడ్కోలు చెప్పారు. వాటి స్థానంలోకి అమెరికా తయారీ పీ-8ఐ విమానాలు అప్పటికే వచ్చేశాయి. సాధారణంగా అయితే తర్వాతి మజిలీ తుక్కు కొట్టు. కానీ వీటిలో ఒకదానికి విశాఖ పిలుపు అందింది. 2017 ఏప్రిల్ 8న అది తన సొంత రెక్కల మీదే అరక్కోణం నుంచి ఎగిరి వచ్చి విశాఖలో ఐఎన్ఎస్ డేగా రన్‌వే మీద దిగింది. అదే ఆఖరి ప్రయాణం.

అక్కడి నుంచి బీచ్‌కు రావడమే పెద్ద తతంగం. ఆకాశంలో వేల కిలోమీటర్లు తిరిగిన విమానానికి ఊళ్ళో పది పదిహేను కిలోమీటర్లు దాటడం ఓ పరీక్ష. 50 మీటర్ల రెక్కల్ని ఏ రోడ్డు పట్టగలదు? కరెంటు స్తంభాలు, ఫ్లైఓవర్లు, మలుపులు. అందుకని రెక్కలు, తోక, ఇంజిన్లు విడదీశారు. ట్రైలర్ల మీద మోసుకొచ్చారు. బీచ్‌లో కట్టిన పునాది మీద మళ్ళీ జతచేశారు. ఉట్టి బోల్టులు విప్పి బిగించడం కాదు ఇది. విమానం విడదీయడం అంటే దానిలోని వైర్లు, గొట్టాలు, కేబుళ్ళు వేలాదిగా తెగుతాయి. కోసే చోట కోయకూడదు, విప్పాల్సిన చోట విప్పాలి. రెక్క వేరు దగ్గర బరువంతా మోసే పెద్ద పెద్ద అతుకులుంటాయి. ఒక్కటి వంగినా తిరిగి కూర్చోదు. పెళ్ళిపందిరి విప్పి ఇంకో ఊళ్ళో వేసినంత సులువు కాదు!

2017 డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ మ్యూజియాన్ని ప్రారంభించారు. విడదీయడం, మోయడం, అతకడం, పక్కన ప్రదర్శనశాల కట్టడం... అన్నీ ఎనిమిది నెలల్లో అయిపోయాయి.

మొదట ప్రదర్శనశాల. ఇంజిన్, ప్రొపెల్లర్, సోనోబాయ్‌లు, ఆపదలో సిబ్బంది వాడే సామగ్రి చూసుకుంటూ వెళ్ళి, మెట్లెక్కి విమానం లోపలికి వెళ్ళొచ్చు. బయట అంత పెద్దగా ఉన్నది లోపల ఇంత ఇరుకా అనిపిస్తుంది. ప్రయాణికుల విమానం కాదు కదా! జాగా అంతా ఇంధనానికి, పరికరాలకు. పన్నెండు మంది దాకా సిబ్బంది ఈ ఇరుకులో గంటల తరబడి కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని సముద్రం చప్పుడు విన్నారు. మీటర్లు, మీటలు, స్విచ్చులు... ఇప్పటి పిల్లల చేతుల్లోని ఫోన్ తెరలో ఒదిగిపోయేదంతా అప్పట్లో గోడనిండా పరిచారు. ఓ పదేళ్ళ పిల్లాడు వాళ్ళ నాన్నను అడుగుతున్నాడు, ‘‘దీనికి స్క్రీన్ ఏది నాన్నా?’’ అని. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

నౌపడా ఉప్పు తెలిసినవాళ్ళకు...

ఇప్పుడు అసలు సంగతి.

మన టెక్కలి వైపు వాళ్ళకు నౌపడా ఉప్పు కొటార్ల గురించి చెప్పక్కర్లేదు. ఆ చుట్టుపక్కల సైకిలు కొంటే ఎన్నాళ్ళుంటుందో, కిటికీ ఊచలకు ఎన్నిసార్లు రంగు వెయ్యాలో వాళ్ళనడగండి. కళింగపట్నంలో, భావనపాడులో పడవలవాళ్ళనడగండి. సముద్రం పక్కన ఇనుము ఉండటం అంటే రోజూ కొంచెం కొంచెం కరిగిపోవడమే. అలాంటి గాలిలో, అలలకు పిలుపు దూరంలో, ఓ విమానాన్ని నిలబెట్టాం.

అల్యూమినియానికి తుప్పు పట్టదు కదా అంటారు చాలామంది. నేనూ అదే అనుకునేదాన్ని. వంటింట్లో గిన్నె వేరు, విమానం రేకు వేరు. శుద్ధ అల్యూమినియం మెత్తన. విమానానికి పనికిరాదు. అందుకని బలం కోసం రాగి, మెగ్నీషియం లాంటివి కలుపుతారు. రాగి కలిస్తే గట్టితనం వస్తుంది, దానితోపాటే తుప్పుకు లొంగే గుణమూ వస్తుంది. ఆ లోపాన్ని కప్పడానికి రేకు పైన శుద్ధ అల్యూమినియం పల్చటి పొర వేస్తారు. గీత పడ్డా, రంధ్రం చేసినా, రివెట్టు కొట్టినా ఆ పొర అక్కడ చిరిగినట్టే. రివెట్లు లేని విమానం ఉండదు.

ఇంకో చిక్కు. విమానంలో అల్యూమినియం ఒక్కటే ఉండదు. పక్కనే ఉక్కు బోల్టు ఉంటుంది, ఇత్తడి బుష్ ఉంటుంది, మెగ్నీషియం కలిసిన పోతభాగాలు ఉంటాయి. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో ఉప్పునీటి చెమ్మ. హైస్కూల్లో సైన్సు మాస్టారు గ్లాసులో చేసి చూపించిన బ్యాటరీ ఇదే! కరెంటు పుడుతుంది. ఆ కరెంటుకు బలయ్యేది రెండింట్లో బలహీనమైన లోహం. మెగ్నీషియం ముందు పోతుంది, తర్వాత అల్యూమినియం. ఇనుప తుప్పు ఎర్రగా ఉంటుంది కనుక దూరం నుంచే తెలిసిపోతుంది. అల్యూమినియం తుప్పు తెల్లటి పొడి. లేతరంగు విమానం మీద అది అంత తొందరగా కంటికి ఆనదు. ఆనేసరికి లోపల రేకు పొరలు పొరలుగా ఉబ్బి ఉంటుంది... మడత కాజా విప్పినట్టు. అక్కడ రంగు వేసి లాభం లేదు. ఆ ముక్క కోసి కొత్తది వెయ్యాలి. దుకాణాల్లో దొరికే సామాను కాదది.

ఎగిరే విమానానికి ఈ బాధ తక్కువ. సముద్రం మీద తక్కువ ఎత్తులో తిరిగి వచ్చిన విమానాన్ని మంచినీళ్ళతో కడగడం ఏ నౌకాదళంలోనైనా మామూలు పని. రోజూ ఎవరో ఒకరు చేత్తో తడిమి చూస్తారు. పగులు ఉందా, నూనె కారుతోందా, చెమ్మ చేరిందా అని. ఎగిరినప్పుడు లోపలి తడి ఆరిపోతుంది. నిలబడిపోయిన విమానంలో తడి ఎటూ పోదు. పొట్ట అడుగున నీళ్ళు కారిపోవడానికి చిన్న చిన్న రంధ్రాలు పెట్టి ఉంటారు. అవి దుమ్ముతో, ఇసుకతో, పిచ్చుక గూళ్ళ గడ్డితో మూసుకుపోతే విమానం లోపల చిన్న చెరువు తయారవుతుంది. పావురాల రెట్ట రంగును తినేస్తుంది. ఎండకు కాక్‌పిట్ అద్దాలు మసకబారి సన్నటి గీతలు తేలతాయి, చాలా విమానాల్లో అవి ఉట్టి గాజు కాదు కదా, ప్లాస్టిక్ లాంటిది కూడా ఉంటుంది. టైర్లు బరువు మోసి మోసి ఓ పక్కకు చదునై పగులుతాయి. అందుకే ప్రదర్శనకు పెట్టిన విమానం బరువును స్టాండ్ల మీద ఆనించి, టైర్లకు విశ్రాంతి ఇవ్వాలంటారు ఈ పని తెలిసినవాళ్ళు.

ప్రారంభోత్సవం నాడు రిబ్బన్ కత్తిరించినప్పుడు పని అయిపోయిందనుకుంటాం. అప్పుడే మొదలైందన్నమాట.

ఇక తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో మర్చిపోయినవాళ్ళుండరు. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. 2018 అక్టోబరు 11న తిత్లీ మన పలాస, ఉద్దానం కొబ్బరితోటల్ని పడుకోబెట్టేసింది. హుద్‌హుద్ నాటికి ఈ విమానం ఇక్కడ లేదు. అలాంటిది మళ్ళీ వస్తే? విమానాన్ని పైకి లేపేది ఇంజిన్ కాదు, రెక్క మీదుగా పోయే గాలి. ఇంజిన్ చేసేదల్లా ఆ గాలి తగిలేలా ముందుకు లాగడం. ఆ గాలి రన్‌వే మీద పరుగువల్ల వచ్చినా, బంగాళాఖాతంలోంచి తుపానై వచ్చినా రెక్కకు ఒక్కటే. లేవబోతుంది! రెక్కకు తెలీదుగా తాను రిటైరయ్యానని. అందుకే ఆరుబయట నిలబెట్టే విమానాల్ని పునాదికి గట్టిగా బిగిస్తారు. బరువైనది కనుక ఇది కొంత నయం. చిన్న విమానాలకైతే ఆ బిగింపే ప్రాణం.

రంగు వేస్తే బాగుచేసినట్టేనా?

గార దగ్గర శాలిహుండం కొండ ఎక్కినవాళ్ళు గమనించే ఉంటారు. వంశధార ఒడ్డున ఆ బౌద్ధ స్తూపాల్ని ఎవరూ మళ్ళీ కొత్తగా కట్టి నిలబెట్టలేదు. ఉన్న ఇటుక పడిపోకుండా చూసుకుంటున్నారు. పాతదాన్ని పాతదిగా ఉంచడం ఒక పద్ధతి. గుడి గోపురానికి ఏటా రంగులేసి కళకళలాడించడం ఇంకో పద్ధతి. విమానం దగ్గరా ఇదే తర్జనభర్జన.

ఒకటి, మళ్ళీ ఎగిరేలా చెయ్యడం. మన వైమానిక దళానికి పాత విమానాలు ఎగిరించే ‘వింటేజ్ ఫ్లైట్’ అని ప్రత్యేక విభాగం ఉంది. టైగర్ మాత్, హార్వర్డ్‌లతోపాటు 2018లో ఓ డకోటా అందులో చేరింది. దాని కథ సినిమాలా ఉంటుంది. తుక్కు కింద పడి ఉన్న డకోటాను రాజీవ్ చంద్రశేఖర్ కొని, బ్రిటన్‌లో బాగుచేయించి, వైమానిక దళానికి కానుకగా ఇచ్చారు. ఆయన తండ్రి వైమానిక దళంలో డకోటాలు నడిపిన పైలట్. అది తన రెక్కల మీదే బ్రిటన్ నుంచి మన దేశం దాకా వచ్చింది. ‘పరశురామ’ అని పేరు పెట్టారు. తోక మీద వీపీ 905 అని నంబరు వేశారు. 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌లో సైనికులతో దిగిన డకోటా నంబరు అది. ఆ విమానం ఇది కాదు. ఆ నంబరు మాత్రం ఇది మోస్తోంది. మన బేగంపేట నుంచి డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవీ డకోటాలే.

ఎగిరించాలంటే ఏం చెయ్యాలి? అరిగిన ప్రతి భాగం మార్చాలి. పదేళ్ళు పోతే సగం విమానం కొత్తదే అవుతుంది. అప్పుడది పాత విమానమా, కొత్తదా? తాతగారి గొడ్డలికి పిడి మూడుసార్లు, ఇనుము రెండుసార్లు మార్చిన సామెతలా ఉంటుంది వ్యవహారం! కానీ అది ఎగురుతుంది. చప్పుడు వినిపిస్తుంది. అదో పుణ్యం.

రెండోది, నిలబెట్టి కాపాడటం. భాగాలు మార్చరు, ఉన్నవాటిని ఆపుతారు. టీయూ-142 లాంటి దానికి ఇదొక్కటే దారి. దాన్ని మళ్ళీ ఎగిరించడం మాట అటుంచి, ఇంజిన్ తిప్పే మనుషులే కరవు. ఈ పద్ధతిలో పెద్ద ప్రమాదం రంగు డబ్బా! కాస్త వెలిసిందనగానే పైనుంచి ఇంకో కోటింగ్ కొట్టేస్తే చూడటానికి బాగుంటుంది. కానీ అడుగున చెమ్మ, తెల్లపొడి అలాగే ఉండిపోయి, రంగు కింద నింపాదిగా పని చేసుకుపోతాయి. పైగా విమానం ఒంటి మీద ‘ఇక్కడ కాలు పెట్టొద్దు’, ‘ఇక్కడ జాకీ పెట్టాలి’ లాంటి చిన్న చిన్న రాతలుంటాయి. అవే దాని చరిత్ర. నున్నగా రంగేస్తే అవన్నీ పోతాయి. ముందు కడగాలి, ఆరబెట్టాలి, తుప్పు గీకాలి, అడుగుపూత వెయ్యాలి, ఆ తర్వాతే రంగు. నాకడిగితే, పండక్కి రంగేసే సంప్రదాయం ఇళ్ళకు సరే, యంత్రాలకు వద్దు అంటాను.

అన్నిటికన్నా మంచిది నీడ. ప్రపంచంలో పెద్ద విమానాల మ్యూజియాలు చాలావరకు తమ అరుదైన విమానాల్ని పెద్ద షెడ్ల కిందికి చేర్చుకుంటున్నాయి. 50 మీటర్ల రెక్కలకు షెడ్డు అంటే మాటలు కాదు. పైగా బీచ్‌రోడ్డులో వెళ్ళేవాళ్ళకు ఆకాశం వెనకగా ఆ విమానం కనిపించే అందం పోతుంది. నలుగురికీ కనిపించాలా, నాలుగు తరాలు ఉండాలా? తేలిగ్గా తెగే లెక్క కాదు.

ఓడ పోయింది... పక్షి మిగిలింది

ఇదే రోడ్డులో రాజీవ్ స్మృతి భవన్ దగ్గర సీ హారియర్ ఉంది. రన్‌వే అక్కర్లేకుండా నిట్టనిలువుగా దిగగల యుద్ధవిమానం. ఇంజిన్ గాలిని వదిలే నాలుగు గొట్టాల మూతులు తిరుగుతాయి. వెనక్కి తిప్పితే ముందుకు పోతుంది, కిందికి తిప్పితే గాలిలో నిలబడుతుంది. 1983లో నౌకాదళంలో చేరి, 2016 మేలో సెలవు తీసుకుంది. చూడటానికి పిట్టంత. టీయూ-142 చూసి వచ్చిన పిల్లలు ‘ఇదేనా’ అని పెదవి విరుస్తారు. ఆగండి, దీని వెనక ఓ దిగులు కథ ఉంది.

సీ హారియర్‌లు ఎగిరిన ఓడ ఐఎన్ఎస్ విరాట్. 1987 నుంచి మన నౌకాదళంలో ఉన్న విమానవాహక నౌక. 2017 మార్చి 6న దానికి వీడ్కోలు పలికారు. దాన్ని విశాఖ తీరానికి తెచ్చి మ్యూజియం చెయ్యాలని మన రాష్ట్ర ప్రభుత్వం ముందుకొచ్చింది కూడా. ఖర్చు లెక్కలు వందల కోట్లకు పోయాయి. కుదరలేదు. 2020 సెప్టెంబరులో అది గుజరాత్‌లోని అలంగ్‌కు చేరింది, ఓడలు విరగ్గొట్టే తీరానికి. అంతకుముందు పాత విక్రాంత్‌దీ అదే దారి. కొన్నేళ్ళు ముంబయిలో మ్యూజియంగా ఉండి కూడా 2014లో తుక్కుకింద అమ్ముడైపోయింది. దాని ఉక్కులో కొంత బజాజ్ వాళ్ళు ‘వి’ అని ఓ మోటారు సైకిల్‌లో వాడారు. 2016లో విడుదలైంది. మన వీధిలో ఎవరింటి ముందైనా ఆ బండి ఉంటే, కరిగిపోయిన విక్రాంత్‌లో ఓ చెంచాడు అందులో ఉన్నట్టే.

అందుకే ఈ చిన్న హారియర్‌ను చూసినప్పుడు నాకు అది ఒంటరి పక్షిలా అనిపిస్తుంది. గూడు విరిగిపోయింది, పిట్ట మిగిలింది. మ్యూజియం అయితే చాలు, ఇక భయం లేదనుకోవడానికి లేదని విక్రాంత్ చెబుతోంది. ఏటా డబ్బు, ఏటా మనుషులు కావాలి. 2024 జూన్ 28న విశాఖ డేగాలోనే సెలవు తీసుకున్న యూహెచ్-3హెచ్ హెలికాప్టర్ కూడా ఈ బీచ్‌రోడ్డుకే చేరింది. కొత్త అతిథులు వస్తున్నకొద్దీ కడగాల్సినవి పెరుగుతున్నాయన్నమాటే కదా!

తాతగారిని వెంటబెట్టుకెళ్ళండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళు లేని ఊరు అరుదు. కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచి పిల్లల్ని తీర్చిదిద్ది పంపుతూనే ఉంది. అందరూ తుపాకీ పట్టినవాళ్ళే కాదు. నౌకాదళంలో, వైమానిక దళంలో ఫిట్టర్లుగా, ఎలక్ట్రీషియన్లుగా, రాడార్ మెకానిక్‌లుగా పనిచేసి పెన్షన్ తీసుకుంటూ, అరుగు మీద పేపరు చదువుకుంటూ కూర్చున్నవాళ్ళు ఎందరో. మీ ఇంట్లోనూ ఉండొచ్చు. విమానం పుస్తకాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఏ బోల్టు ఎంత బిగించాలో, చెవి ఆనిస్తే పంపు చప్పుడులో తేడా ఎలా తెలుస్తుందో ఆ చేతులకే తెలుసు. రేకు కన్నా ముందు తరిగిపోతున్నవి ఆ చేతులే.

ఈసారి వెళ్ళేటప్పుడు వాళ్ళని తీసుకెళ్ళండి. ఆదివారం సాయంత్రం రద్దీ ఎక్కువ, పెద్దవాళ్ళకు మెట్లు కష్టం. కాస్త ముందుగా, వేళలు కనుక్కుని వెళ్ళడం మేలు. పిల్లలు లోపల మీటలు చూసే లోపు, పెద్దాయన్ని కింద చక్రాల దగ్గర నిలబెట్టి, ఊరికే ఓ ప్రశ్న వెయ్యండి. చక్రాల మడత ఎలా పడుతుంది అనో, ప్రొపెల్లర్ రెండెందుకు అనో.

నేను వెళ్ళిన రోజున అలాంటి ఒకాయన కనిపించారు. తెల్ల లుంగీ, చేతిలో గొడుగు. మనవరాలు ఫొటోకు రమ్మని పిలుస్తోంది. ఆయన వినిపించుకోవడం లేదు. విమానం పొట్ట కిందికి వంగి, ఓ రేకు అతుకు దగ్గర చూపుడువేలితో రాసి, ఆ వేలు వెలుతురుకేసి పెట్టి చూసుకున్నారు. తర్వాత నాలిక చివర తగిలించుకున్నారు.

‘‘ఏటి తాతా, ఏటి చేస్తన్నావు?’’ అని మనవరాలు పరుగెత్తుకొచ్చింది.

‘‘ఉప్పు’’ అన్నారాయన. ‘‘కడగాల దీన్ని.’’